కోసేసిన ‘అని’

ఆ శుక్రవారం జ్యోత్స్నకి మొదటి కోపం పొద్దున్న పదింటికి వచ్చింది. అప్పటికింకా అది చిన్న కోపమే.

కాశీబుగ్గలో జీడిపప్పు గోడౌను పైన మేడ మీద ఆమె స్టూడియో. గోడలకి ఉద్దానం కొబ్బరిపీచు చాపలు దట్టంగా కొట్టించి, పైన నల్లగుడ్డ వేయించింది. కింద జీడిపిక్కలు కాల్చే వాసన మెట్లెక్కి వస్తుంది గాని చప్పుడు మాత్రం తలుపు దగ్గరే ఆగిపోతుంది. దేవుడి పాటలు, ఎన్నికల పాటలు, బట్టల కొట్ల ప్రకటనలు, చిన్నాచితకా సినిమాలకి సౌండు సరిచేయడం, ఇదే పదకొండేళ్లుగా ఆమె పని. చెయ్యి శుభ్రమైనదని ఇచ్ఛాపురం నుంచి నరసన్నపేట దాకా పేరుంది.

టెక్కలిలో ప్రకటనల కంపెనీ నడిపే తారకేశ్వరరావు ఆమెకి పాత ఖాతాదారు. ఆయన తీయించిన పన్నెండు నిమిషాల సినిమాకి సౌండు చేయాలి. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున చినగుల్లపాడు అని ఒక పల్లె. అక్కడ రొయ్యల ఫ్యాక్టరీ, దాన్ని ఆనుకుని పడవలు ఆగే జెట్టీ కడతామని ఒక కంపెనీ వచ్చింది. ఊరి ఆడవాళ్లు చేపలు ఎండేసుకునే కళ్లం వాళ్లకి కావాలి. సోమవారం గ్రామసభ. అక్కడ వేయడానికే ఈ సినిమా. పేరు ‘మా తీరం, మా రేపు’.

బొమ్మ కోసి అతికించింది విశాఖపట్నంలో ఉండే హేమంత్. అతను పంపినది తెరిచి చూస్తే ఒక్కటంటే ఒక్క ఆడియో ఫైలు ఉంది. మాటలు, వేణువు, సముద్రం హోరు, వ్యాఖ్యాత గొంతు, అన్నీ అందులోనే కలిసిపోయి ఉన్నాయి. కింద ఒక ముక్క రాశాడు: ‘వాయిస్ క్లియర్‌గా, మ్యూజిక్ నిండుగా చెయ్యక్కా.’

వెంటనే ఫోను చేసింది.

“హేమంత్, ఏటిది? పులుసు మరిగిపోయాక ఉప్పు ఏరమంటే ఎలాగ ఏరతాను? ప్రాజెక్టు పంపు. ఏఏఎఫ్ తీసి పంపు.”

ఏఏఎఫ్ అంటే మరేం లేదు. వీడియో కోసే సాఫ్ట్‌వేర్‌లో ఏ మాట ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, సంగీతం ఏ వరసలో ఉందో, ఆ అమరికంతా చెదరకుండా సంగీతం చేసే సాఫ్ట్‌వేర్‌లోకి మోసుకొచ్చే ఫైలు. అది ఉంటే ఏ ముక్కకి ఆ ముక్క విడివిడిగా చేతికొస్తుంది.

“సార్ ఒప్పుకోరక్కా. కలిపేసిందే పంపమన్నారు,” అన్నాడు హేమంత్.

“ఆయనకి ఏఏఎఫ్ అంటే ఏటో తెలుసా?”

“తెల్దు.”

“తెలీనిదానికి ఒప్పుకోకపోడమేటి? వేణువు మీద చెయ్యి వేస్తే మనిషి గొంతు కూడా లేస్తోంది. ఇలాగైతే నా పేరు వెయ్యకు.”

గంటకి ఏఏఎఫ్ వచ్చింది. తెరిస్తే ముక్కలన్నీ వాటి వాటి చోట్ల వరసగా ఉన్నాయి గాని ఒక్కదానిలోనూ శబ్దం లేదు. ‘ఫైలు దొరకలేదు’ అని అన్నిటి మీదా ఎర్రగా రాసి ఉంది. సరుకు మరిచిపోయి ఖాళీ డబ్బాలు పంపినట్టు పంపాడు. మళ్లీ ఫోను, మళ్లీ కేకలు. “ఆడియో కూడా లోపల పెట్టి పంపరా బాబూ. ముక్క తెగిన చోట అటూ ఇటూ కొంచెం ఎక్కువ వదులు. అతుకు తెలీకుండా చేయాలంటే నాకు ఆ మిగులు కావాలి.” విసిగిపోయిన హేమంత్ ఆ మిగులు ఎన్ని సెకన్లో లెక్కపెట్టే ఓపిక లేక, ‘పూర్తి ఫైళ్లు’ అన్న గడి నొక్కేశాడు. మధ్యాహ్నం మూడింటికి ఫైలు దిగింది. ఏ ఇంటర్వ్యూ ఎంతసేపు తీశారో అంతా అందులో ఉంది.

జ్యోత్స్న అలవాటు ప్రకారం ముందు సంగీతం వరస మూసేసింది. ఒట్టి మాటలే వినసాగింది.

తెర మీద యాభై దాటిన ఒక మత్స్యకార స్త్రీ. పేరు గౌరి అని కింద పడింది. వెనకాల ఇసకలో నెత్తళ్లు వెండి రేకుల్లా ఆరబోసి ఉన్నాయి. “కంపెనీ వొత్తే మా పిల్లలకి ఉజ్జోగాలొత్తాయి,” అంది గౌరి.

చివర చిన్న టిక్కుమన్న చప్పుడు. వేణువు ఉన్నంతసేపూ అది వినపడలేదు. మాట ఆగిన చోట నోరు మూసుకున్న శబ్దం లేదు. గొంతు దిగలేదు. పరుగెత్తే మనిషిని తలుపు వేసి ఆపినట్టు ఉంది. అతుకు మెత్తగా చేద్దామని ముక్క అంచు పట్టుకుని, కోసేసిన మిగులు కూడా వచ్చేలా కుడివైపుకి లాగి, మళ్లీ మొదటినుంచి విన్నది.

“కంపెనీ వొత్తే మా పిల్లలకి ఉజ్జోగాలొత్తాయని సెప్పి ఎల్లినారు. ముందల ఐసు ఫ్యాక్టరీ ఓలూ ఇదే సెప్పినారు. ఎవులికొచ్చినాయి? ఒక్క పేరు సెప్పమను.”

జ్యోత్స్న చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది.

తరవాతి ముక్క: “కళ్లం ఇచ్చీత్తాం. మాకేటి?” ఈసారి వేణువు లేకుండా వింటుంటే ఆ ‘మాకేటి’లో ఉన్న మంట చెవికి తగిలింది. అంచు లాగింది.

“కళ్లం ఇచ్చీత్తాం. మాకేటి? ఇల్లిచ్చీత్తాం, పడవలిచ్చీత్తాం. మాకు తిండక్కర్నేదు, బట్టక్కర్నేదు. ఇసక బుక్కి బతికీత్తాం!”

బైరాగి అనే పడవవాడు “జెట్టీ మంచిదే బావూ” అన్నాడు. లాగితే, “గాని మా పడవల్ని లోనికి రానిత్తారో లేదో కాయితం మీద రాసిమ్మనండి” అన్నాడు.

సినిమా చివర వ్యాఖ్యాత, ‘రేపటి చినగుల్లపాడు ఎలా ఉంటుంది?’ అని అడిగితే గౌరి పళ్లన్నీ కనపడేలా నవ్వుతుంది. ఆ నవ్వు ఎక్కడిదో కూడా దొరికింది. ఇంటర్వ్యూ మొదలవకముందు, కెమెరా పెట్టుకుంటున్నప్పుడు, ఒక కుక్క నెత్తళ్ల మీద నుంచి పరిగెత్తింది. దాన్ని తోలబోయి ఎవరో బోర్లా పడ్డారు. గౌరి దానికి నవ్వింది.

కోత జ్యోత్స్నకి కొత్త కాదు. పాడేవాళ్ల దగ్గు కోసింది. శ్రుతి తప్పిన చరణాలు కోసింది. ఒక నాయకుడి ఉపన్యాసంలో నలభై ‘మరేటంటే’లు ఏరిపారేసింది. అవన్నీ మనిషి చెప్పదలుచుకున్నది చక్కగా వినపడడానికి. ఇక్కడ ఒక్క ‘అని’ కోసేశారు. దాంతో ఎవరో వచ్చి చెప్పిపోయిన మాట, గౌరి తన నోటితో తాను ఒప్పుకున్న మాట అయిపోయింది. తను అంచులు నున్నగా చేసి ఇస్తే, ఆ టిక్కు కూడా మిగలదు. అదే ఆమెకి ఒళ్లు మండించింది. అబద్ధానికి మెరుగు పెట్టే పని తనకి అప్పగించారు.

“నువ్వే కోశావా?” అని హేమంత్‌ని అడిగింది.

“ఎన్నో సెకను నుంచి ఎన్నో సెకను దాకా అని రాసిచ్చారక్కా. అలాగే కోశాను.”

“కోసేటప్పుడు చెవులు ఎక్కడ పెట్టుకున్నావు?”

“రోజుకి నాలుగు వీడియోలు కోస్తానక్కా. వినను. గీతలు చూసి కోసెస్తాను,” అన్నాడు. జ్యోత్స్న ఫోను పెట్టేసింది.

శనివారం పొద్దున్నే టెక్కలి వెళ్లింది. తారకేశ్వరరావు పాతకాలపు భూస్వాముల ఇంటి మనిషి. మర్యాద తెలిసినవాడు. లేచి నిలబడి కుర్చీ చూపించి, టీ తెప్పించాడు. ఆమె చెప్పినదంతా తల ఊపుతూ విన్నాడు.

“ఎడిటింగ్ అంటేనే కోయడం కదమ్మా. నలభై నిమిషాలు వాగితే రెండు నిమిషాలు తీసుకుంటాం. నీకు తెలీందేముంది?”

“మీసం కత్తిరించడం వేరు, పీక కత్తిరించడం వేరు సార్. ఆవిడ వద్దంటే మీరు సరేనన్నట్టు చేశారు.”

“ఆ పల్లెవాళ్లకి ఏది మంచిదో వాళ్లకే తెలీదమ్మా. అరుస్తారు, తరవాత వాళ్లే వచ్చి పనిలో చేరతారు. ఎన్ని చూళ్లేదు!” టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. “చూడు, సౌండ్ నీకిచ్చాం. నువ్వు సౌండ్ చూసుకో.”

“సౌండే చూశాను సార్. అందుకే వచ్చాను.”

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది గాని గొంతు మారింది. “హేమంత్‌గాడు నీకు పంపకూడనివి పంపాడు. అవన్నీ డిలీట్ చేసి నాకు ఫోను చెయ్. ఆ ఒక్క ఫైలు మీదే చేసి ఇవ్వు. చేయలేనంటే చెప్పు, శ్రీకాకుళంలో పదిమంది ఉన్నారు.”

“చేయలేననట్లేదు సార్. చేయనంటున్నాను.”

రోడ్డు మీదికొచ్చి బండి తీసింది. తిరిగి వస్తున్న దారి పొడుగునా ఒకటే తర్కం. ఒకరు నమ్మి ఇచ్చిన సరుకు ఇంకొకరికి వినిపించకూడదు. ఈ వృత్తిలో మొదటి నీతి అది. విడుదల కాని పాట ఒక్కటి ఆమె గది దాటలేదు ఇన్నేళ్లలో. ఇప్పుడు దాటిస్తే తన మాటకేం విలువ? కానీ నమ్మి ఇచ్చింది ఎవరు? తారకేశ్వరరావు తనకిచ్చిన ఆ మాటల్ని, కెమెరా ముందు మొదట ఇచ్చింది గౌరి. ఆమె గొంతు ఆమెకి వినిపించడానికి ఎవరి అనుమతి కావాలి? కాశీబుగ్గ చేరేసరికి తర్కం తెగిపోయింది, కోపం మాత్రం మిగిలింది.

ఆదివారం ల్యాప్‌టాపు, స్పీకరు సంచిలో పెట్టుకుని చినగుల్లపాడు వెళ్లింది. జీడితోటలు అయిపోయి, కొబ్బరి పల్చబడి, ఉన్నట్టుండి సముద్రం కనపడే చోట ఊరు. ఆడవాళ్లు కళ్లంలో ఎండుచేపలు తిరగేస్తున్నారు. గౌరిని పోల్చుకోవడం కష్టం కాలేదు.

“ఎవులమ్మా నువ్వు?”

“కాశీబుగ్గ నుంచొచ్చాను పిన్నీ. మీ సినిమాకి సౌండు చేయమని నాకిచ్చారు. చేయలేదు. మీకు వినిపిద్దామని వచ్చాను.”

పాక నీడలో కూర్చుని ముందు సినిమాలో ఉన్నది ఉన్నట్టు వినిపించింది. గౌరి చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది.

“గొంతు నాదే. నానలగ అన్నేదు.”

“అవును. ఇప్పుడు మీరన్నది వినండి.”

మొత్తం వినిపించింది. చేపలు వదిలేసి మరో పదిమంది ఆడవాళ్లు చుట్టూ చేరారు. కుక్క కథ దగ్గర ఇద్దరు నవ్వబోయి ఆగిపోయారు. గౌరి మాత్రం ఆ ఉద్యోగాల ముక్కని మూడుసార్లు వేయించుకుంది. సినిమాలోది ఒకసారి, అసలుది ఒకసారి, మళ్లీ సినిమాలోది.

“తోక కోసీసినారు,” అంది చివరికి. “ఆల అబద్దం తెచ్చి నా నోట్ల పెట్టీసినారు. ఆ రోజు ఆలకి కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చినాను గదే! ‘మీ మాట మీరు సెప్పండి అమ్మా, పైకి అందిత్తాం’ అన్నాడు ఆ కెమెరా బావు. నాను పమిట సర్దుకుని మరీ కూకున్నాను.”

“రేపు సభలో వేస్తారు పిన్నీ. నేను చేయనన్నాను గాని...”

“నువ్వు సెయ్యకపోతే ఇంకోలు సేత్తారు. ఎయ్యనీ!” గౌరి లేచి నిలబడింది. “నువ్వు రేపు రాగలవా? ఈ డబ్బా తెచ్చుకుని?”

జ్యోత్స్నకి ఒక్క క్షణం తారకేశ్వరరావు బల్ల మీద పెట్టిన టీ గ్లాసు కళ్లముందు మెదిలింది. “వస్తాను,” అంది.

సోమవారం బడి ఆవరణలో షామియానా వేశారు. కంపెనీవాళ్లు ఒక పక్క, ఊరివాళ్లు ఒక పక్క, మధ్యలో బల్ల దగ్గర సభ జరిపించడానికి వచ్చిన అధికారిణి. పెద్ద తెర మీద సినిమా మొదలైంది. ఎవరో శ్రీకాకుళంలో చేసి ఇచ్చినట్టున్నారు. వేణువు నిండుగా ఉంది. గౌరి గొంతు, “ఉజ్జోగాలొత్తాయి” అంటే ఊరు ఊరంతా తిరిగి ఆమెవైపు చూసింది. ఒక ముసలాయన, “ఓలి గౌరీ, అమ్మీసినావేటి మమ్మల్ని?” అని అరిచాడు. గౌరి, తెర మీది తన నవ్వుతో సినిమా అయిపోయేదాకా అలాగే కూర్చుంది. ఆ కాసేపు ఆమె చుట్టూ ఉన్నవాళ్లు కూడా కొంచెం జరిగి కూర్చోవడం జ్యోత్స్న చూసింది. అప్పుడు వచ్చిన కోపం ముందటి కోపాలన్నిటినీ మింగేసింది.

సినిమా అయ్యాక గౌరి లేచింది.

“అమ్మా, ఆ బొమ్మల ఉన్నదాన్ని నానే. అందుల నా మాట సగవే ఉంది. మిగతా సగం నా కూడా తెచ్చినాను. ఇనాల మీరు.”

జ్యోత్స్న స్పీకరు బల్ల మీద పెట్టి మీట నొక్కింది. ‘ఉజ్జోగాలొత్తాయని సెప్పి ఎల్లినారు’ దగ్గర జనంలో గోల లేచింది. ‘ఇసక బుక్కి బతికీత్తాం’ దగ్గర ఆ గోల ఈలలైంది. తారకేశ్వరరావు పరుగున వచ్చి మైకు అందుకున్నాడు.

“మేడం, ఇది దొంగతనం! ఇది మా ప్రైవేట్ మెటీరియల్. ఈ అమ్మాయి మా దగ్గర పనికి తీసుకుని...”

“నా గొంతు నీ మెటీరీలా?” గౌరికి మైకు అక్కర్లేకపోయింది. “నెత్తళ్ల తట్టేటి బావూ, తూకం ఏసి అట్టుకెళ్లిపోడానికి?”

అధికారిణి చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. “ఒక్కటే అడుగుతున్నాను. ఇప్పుడు విన్న మాటలు ఆమెవేనా, కాదా?”

“అది కాదు మేడం, కాంటెక్స్ట్...”

“ఆమెవేనా?”

ఆయన మైకు కిందపెట్టాడు. సినిమాని నివేదికలో చేర్చనని, పదిహేను రోజుల తరవాత మళ్లీ వచ్చి ఒక్కొక్కరి మాటా స్వయంగా రాసుకుంటానని అధికారిణి ప్రకటించింది. అంతే. కంపెనీ వెళ్లిపోలేదు. కళ్లం మీద పాతిన సర్వే రాళ్లూ అలాగే ఉన్నాయి. కానీ ముసలాయన గౌరి దగ్గరికొచ్చి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి భుజం మీద వేసుకుని, “నోరు జారినాను తల్లీ,” అన్నాడు.

సభ అయ్యాక కళ్లం దగ్గర గౌరి జ్యోత్స్న సంచిలో రెండు గుప్పిళ్లు నెత్తళ్లు పోసింది. పోస్తూ పోస్తూ ఆగింది.

“మరి ఇంతకుముందల కూడా ఆ బావుకి సినిమాలు సేసినావు గదా. అయ్యీ ఇలగే ఉండేవా?”

నిందించాలని అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది.

“తెలీదు పిన్నీ. ఒక్క ఫైలే ఇచ్చేవారు. నేను అడగలేదు.”

“అడగనేదా,” అంది గౌరి. అని చేపల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే తారకేశ్వరరావు తన మాట తను చెప్పుకున్నాడు. ‘ఆ అమ్మాయికి ఏదీ ఇవ్వకండి, ఊళ్లో వేసేస్తుంది’ అని టెక్కలి నుంచి సోంపేట దాకా పాకింది. రెండు పనులు వెనక్కి పోయాయి. ఒక దేవుడి పాటలాయన తన పాటలు డిస్కులో వేసి ఇచ్చేయమని మనిషిని పంపాడు. ఇచ్చేసింది. వీటన్నిటికీ ఆమెకి కోపమే వచ్చింది గాని నిద్ర చెడలేదు. చెడగొట్టింది గౌరి అడిగిన ప్రశ్న.

పాత ఫోల్డర్లు తీసింది. తారకేశ్వరరావుకి చేసినవి మూడున్నాయి. మూడింటికీ ఒక్కో ఫైలే. అంచు పట్టుకుని లాగితే లాగడానికేం లేదు, అక్కడితో సరి. హేమంత్‌ని అడిగితే, “డిస్కులు ఎప్పుడో తుడిచేశామక్కా,” అన్నాడు. తరవాత ఇంకో మాట కూడా అన్నాడు: “ఇప్పుడు వింటున్నానక్కా. రోజుకి రెండే అవుతున్నాయి.”

మూడింటిలో ఒకటి కొత్తరకం కొబ్బరి మొక్కలు అమ్మే నర్సరీ గురించి. అందులో జలంత్రకోట రైతు చంద్రమౌళి, “మూడేళ్లకే కాపుకొస్తాయి” అంటాడు. ఆ గొంతుకి కొంచెం బరువు పెంచి, నమ్మకంగా వినపడేలా చేసింది తనే. ఆ పని ఆమెకి బాగా గుర్తు. ఎంత బాగా కుదిరిందో అని అప్పుడు మురిసిపోయింది కూడా.

బండి తీసుకుని జలంత్రకోట వెళ్లింది. చంద్రమౌళి తోటలోనే ఉన్నాడు. అరవై ఏళ్ల మనిషి, ముతక లుంగీ. తను ఎవరో, ఎందుకొచ్చిందో దాచకుండా చెప్పింది.

“బాబాయ్, ఆ రోజు కెమెరా ముందు మీరు సరిగ్గా ఏమన్నారు?”

ఆయన ఆమెని కింద నుంచి పైదాకా చూశాడు.

“ఇప్పుడొచ్చినావా అడగడానికి? ఇప్పుడు?” చేతిలో కత్తి కింద పడేశాడు. “మూడేళ్లకే కాపుకొస్తాయని ఆలంటున్నారు, మూడేళ్లయితే గాని నాను సెప్పనేను అన్నాను. అదీ నానన్నది! సెల్‌ఫోన్లల అందరూ సూసినారు నన్ను. చంద్రమౌళే సెప్పినాడని ఈదీదంతా ఆ మొక్కలేసినారు. సగం మొక్కలు సచ్చిపోనాయి. మా బామ్మర్ది నాతో మాటాడి ఏడాదయింది. పెళ్లికెళితే పక్కన కూకోడు. ఎవులికి సెప్పుకోను? నా గొంతే గదా అది, నాను కాదంటే ఎవులు నమ్ముతారు?”

“ఆ గొంతు సరిచేసింది నేనే బాబాయ్.”

ఆయన ఆమె మణికట్టు పట్టుకుని, “రా,” అన్నాడు. “రా, సూపిత్తాను.” ఎండిపోయిన మొదటి మొక్క దగ్గర నిలబెట్టి, ఇది ఏ నెలలో వేశాడో, ఎన్ని నీళ్లు మోశాడో, ఆకు ఎప్పుడు పసుపుపచ్చబడిందో అరిచి అరిచి చెప్పాడు. అయ్యాక రెండో మొక్క దగ్గరికి లాక్కెళ్లాడు. జ్యోత్స్న ఆపలేదు. మధ్యాహ్నం ఎండలో, వరస తరవాత వరస, ఆయన చెప్పినదంతా చివరిదాకా వింటూ వెంట నడిచింది.